ప్రాణం నిలిపి ఇంటికి పంపాక బాధ్యత ఎవరిది?

ఏటా రెండు సందర్భాల్లో విజయవాడలో ఒకే ప్రశ్న వినిపిస్తుంది. ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన వారంలో ఒకసారి, ప్రపంచ ఆత్మహత్యల నివారణ దినమైన సెప్టెంబరు 10న ఇంకోసారి: ఈ బలవన్మరణాలను ఆపలేమా? అప్పుడు ర్యాలీలు తీస్తారు, కాలేజీల్లో నిపుణులతో మాట్లాడిస్తారు, పత్రికలు ప్రత్యేక కథనాలు వేస్తాయి. వారం తిరిగేసరికి చర్చ సద్దుమణుగుతుంది. ఆ సభలు నిర్వహించేవాళ్ల శ్రమను తక్కువ చేయనక్కర్లేదు. అయితే నగరం చేయాల్సిన అసలు పని వేదికల మీద జరిగేది కాదు. తీవ్రమైన కష్టంలో పడ్డ మనిషి నేరుగా మానసిక వైద్యుడి దగ్గరకు రావడం అరుదు. అప్పటికే ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరకు వెళ్లి ఉంటాడు, బ్యాంకులో గడువు అడిగి ఉంటాడు, సచివాలయంలో అర్జీ పెట్టుకుని ఉంటాడు. భర్త కొడుతున్నాడని చెప్పడానికి ఒక మహిళ పోలీస్ స్టేషన్ మెట్లెక్కి ఉంటుంది. ఒక విద్యార్థి నాలుగు రోజులుగా క్లాసుకు రావడం లేదని వార్డెన్‌కు తెలిసే ఉంటుంది. ప్రతిచోటా ఎవరి పని వాళ్లు చేసి పంపించేస్తారు. ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి ఆ మనిషిని అప్పగించే ఏర్పాటు ఎక్కడా లేదు. విజయవాడ ప్రాంతం ముందుగా పూడ్చాల్సిన లోటు ఇదే.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. అంటే లక్ష జనాభాకు 12.4 మంది. అదే ఏడాది పెద్ద నగరాల్లో ఈ రేటు 16.4. మృతుల్లో 26.4 శాతం మంది దినసరి కూలీలు. కారణాల్లో కుటుంబ సమస్యలు 31.7 శాతం, అనారోగ్యం 18.4 శాతం. చనిపోయినవారిలో నూటికి డెబ్బై మందికి పైగా పురుషులే. పరీక్షల వేళ మనం విద్యార్థుల గురించి ఆందోళన పడటం న్యాయమే. కానీ మొత్తంలో విద్యార్థుల వాటా 7.6 శాతం. మిగిలిన తొంభై రెండు శాతం మందికి ఫలితాల రోజు లాంటి ఒక తేదీ ఉండదు, అందుకే వాళ్ల గురించి చర్చా ఉండదు. పైగా ఇవి పోలీసు రికార్డుల ఆధారంగా వేసిన అంకెలు. ఇంటింటి సర్వేతో మరణ కారణాలు తేల్చిన ‘మిలియన్ డెత్ స్టడీ’ 2010లో దేశంలో సుమారు 1.87 లక్షల ఆత్మహత్యలు జరిగాయని అంచనా కట్టింది. పోలీసు లెక్క అప్పటికి 1.35 లక్షలు కూడా దాటలేదు. పరువు కోసం, కేసు భయంతో ప్రమాదాలుగా, కడుపునొప్పిగా, గుండెపోటుగా నమోదైనవే ఆ తేడాలో ఎక్కువ. ఇక ప్రయత్నించి బతికినవారి లెక్క ఏ శాఖ దగ్గరా లేదు. ఒక్కో మరణం వెనుక ఇరవైకి పైగా ప్రయత్నాలు ఉంటాయన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలంగా చెబుతున్న అంచనా.

ఈ విషయంలో ‘నగరం’ అంటే కార్పొరేషన్ సరిహద్దు అని అర్థం చెప్పుకుంటే మొదట్లోనే పొరపాటు పడతాం. కొండపల్లినే తీసుకోండి. బొమ్మలకు, కోటకు పేరుపడ్డ ఈ ఊరు ఇప్పుడు ఇబ్రహీంపట్నంతో కలిసి ఒక మున్సిపాలిటీ. పక్కనే నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం, పారిశ్రామికవాడ, వాటి చుట్టూ కాంట్రాక్టు కూలీలు, లారీ డ్రైవర్లు, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చి అద్దె గదుల్లో ఉంటున్న యువకులు. బొమ్మల కాలనీలో తెల్లపొణికి కర్ర దొరకడమే కష్టమైన హస్తకళాకారులు. కొండకు అటువైపు మైలవరం, తిరువూరు దారిలో పత్తి, మిర్చి, మామిడి రైతులు. వీళ్లలో ఎవరికి ప్రాణం మీదికి వచ్చినా 108 వాహనం పరుగెత్తేది విజయవాడకే. ప్రాణం నిలిస్తే మూడో రోజో నాలుగో రోజో తిరిగి వచ్చేది కొండపల్లికే. నగరం వాళ్లను రోగిగా చేర్చుకుంటుంది, డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టగానే మరచిపోతుంది. విజయవాడ ఏ ప్రణాళిక వేసుకున్నా అది పనిచేస్తోందా లేదా అన్నది బెంజి సర్కిల్‌లో కాకుండా కొండపల్లిలో కొలవాలని అనడం అందుకే.

నివారణ ఎలా అన్నదానిపై మన సమాజంలో రెండు బలమైన వాదనలున్నాయి. ఆత్మహత్య ప్రధానంగా మానసిక ఆరోగ్య సమస్య, కుంగుబాటును ముందుగా గుర్తించి వైద్యం చేస్తే ప్రాణాలు నిలుస్తాయి అనేది వైద్యుల మాట. రైతు సంఘాలు, విద్యార్థి సంఘాలు, మహిళా సంఘాలు దీన్ని ఒప్పుకోవు. గిట్టుబాటు ధర లేక, కౌలు కట్టలేక, ర్యాంకుల యంత్రంలో నలిగి చనిపోతుంటే మందుబిళ్లలు, ఓదార్పులు ఇస్తామనడం అసలు దోషులను కాపాడటమే అంటాయి. రెండింటిలోనూ నిజముంది. పాశ్చాత్య దేశాల అధ్యయనాల్లో మృతుల్లో అత్యధికులకు మానసిక రుగ్మత కనిపించింది. ఆసియా దేశాల్లో, ముఖ్యంగా చైనా, భారత్ గ్రామాల్లో ఆ వాటా తక్కువ. క్షణికావేశం, ఇంట్లో గొడవ, చేతికి అందుబాటులో ఉన్న విషం ఇక్కడ ఎక్కువ ప్రాణాలు తీస్తున్నాయి. అలాగని వైద్యం అక్కర్లేదనడానికీ వీల్లేదు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం చికిత్స అవసరమైనవారిలో నూటికి డెబ్బై నుంచి తొంభై రెండు మందికి అది అందడం లేదు. జపాన్‌లో లైఫ్‌లింక్ అనే స్వచ్ఛంద సంస్థ మృతుల కుటుంబాలతో సుదీర్ఘంగా మాట్లాడి చేసిన పరిశోధన ఈ తగవును తేల్చడానికి పనికొస్తుంది. ఒక్కో మరణం వెనుక సగటున నాలుగు కారణాలు కలిసి ఉన్నాయని అది గుర్తించింది. ఉద్యోగం పోవడం, దాంతో అప్పు, దాంతో ఇంట్లో కలతలు, చివరికి కుంగుబాటు. ఈ వరసలో డాక్టరుకు కనిపించేది నాలుగోది, బ్యాంకుకు కనిపించేది రెండోది, పోలీసులకు కనిపించేది మూడోది. మనిషి ఒక్కడే.

ఈ అవగాహనతోనే జపాన్ 2006లో ఆత్మహత్యల నివారణకు ప్రత్యేక చట్టం చేసింది. అప్పటిదాకా ఆరోగ్య శాఖ ఫైలుగా ఉన్న విషయం ప్రభుత్వం మొత్తం బాధ్యత అయింది. 2016 సవరణతో ప్రతి రాష్ట్రం, ప్రతి మున్సిపాలిటీ తన సొంత నివారణ ప్రణాళిక రాసుకోవడం తప్పనిసరి చేసింది. టోక్యోలోని అడాచీ వార్డు ఇంకో అడుగు ముందుకేసింది. ఉపాధి, అప్పులు, న్యాయ సలహా, ఆరోగ్యం, వీటన్నిటినీ ఒకేచోట చూసే సంప్రదింపుల రోజులు పెట్టింది. ఒక కౌంటరు దగ్గరకు వచ్చిన వ్యక్తికి ఇంకే సమస్యలున్నాయో అడిగి, అతని అంగీకారంతో ఆ వివరాలను తర్వాతి కౌంటరుకు కాగితంతో సహా అప్పగించింది. వచ్చినవాడు తన కథను మళ్లీ మొదటి నుంచి చెప్పుకోనక్కర్లేదు. జపాన్‌లో 2003లో 34,427 ఆత్మహత్యలు జరిగాయి. 2019 నాటికి 20,169కి తగ్గాయి. ఆర్థిక పరిస్థితి మెరుగవడం లాంటి కారణాలూ అందులో ఉన్నాయి కాబట్టి ఘనతంతా చట్టానిదే అనలేం. అయినా పదహారేళ్లలో ఇంత తగ్గుదల సాధించిన దేశాలు చాలా తక్కువ.

నగర స్థాయి ప్రయోగాల్లో నిపుణులు తరచూ ప్రస్తావించేది జర్మనీలోని న్యూరెంబర్గ్. సుమారు ఐదు లక్షల జనాభా, అంటే విజయవాడ నగరంలో సగం. 2001, 2002 సంవత్సరాల్లో అక్కడ నాలుగు పనులు ఒకేసారి మొదలుపెట్టారు. మామూలు డాక్టర్లకు కుంగుబాటును గుర్తించే శిక్షణ, నగరమంతటా ప్రచారం, ఉపాధ్యాయులు, పోలీసులు, మతగురువులు, మందుల దుకాణదారుల్లాంటి వాళ్లకు తర్ఫీదు, ప్రయత్నించి బతికినవారికీ కుటుంబాలకూ నేరుగా సాయం. పోల్చి చూసేందుకు వుర్జ్‌బర్గ్ నగరాన్ని తీసుకున్నారు. రెండేళ్లలో న్యూరెంబర్గ్‌లో ఆత్మహత్యలు, ప్రయత్నాలు కలిపి 24 శాతం తగ్గాయి. ఈ నాలుగు పనుల్లో మనం చేస్తున్నది రెండోది ఒక్కటే, అదీ ఏడాదికో రోజు. మన దగ్గర తేలికగా మొదలుపెట్టగలిగిందీ, ఎక్కువ ఫలితమిచ్చేదీ నాలుగోది.

దానికి రుజువు కోసం జర్మనీ దాకా వెళ్లనక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో చేసిన పరిశోధనలో మన చెన్నై కూడా ఒక కేంద్రం. బ్రెజిల్, శ్రీలంక, ఇరాన్, చైనా మిగిలినవి. ఆత్మహత్యకు ప్రయత్నించి ఆసుపత్రి అత్యవసర విభాగానికి వచ్చిన 1,867 మందిని రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి మామూలు వైద్యం. రెండో భాగానికి దాంతోపాటు, ఇంటికి పంపేముందు గంటసేపు మాట్లాడటం, ఆ తర్వాత ఏడాదిన్నరలో తొమ్మిదిసార్లు ఫోన్‌లోనో ఇంటికి వెళ్లో పలకరించడం. మొదటి పలకరింపు వారానికి, రెండోది రెండు వారాలకు, తర్వాత నాలుగు, ఏడు, పదకొండు వారాలకు, అటుపైన నాలుగు, ఆరు, పన్నెండు, పద్దెనిమిది నెలలకు. పద్దెనిమిది నెలలు ముగిసేసరికి మామూలు వైద్యం పొందినవారిలో 2.2 శాతం మంది ఆత్మహత్యతో మరణించారు. పలకరింపు అందినవారిలో 0.2 శాతం. 2008లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. ఖరీదైన యంత్రం లేదు, కొత్త మందు లేదు, పలకరించినవాళ్లంతా మానసిక వైద్యులూ కారు. ఇంత చవకైన పనిని ఇన్నేళ్లుగా మన క్యాజువాలిటీలు ఎందుకు చేయలేకపోతున్నాయి?

జవాబు కష్టమేమీ కాదు. అది ఎవరి ఉద్యోగంలోనూ భాగం కాదు. అత్యవసర విభాగం డాక్టరు విషం విరగ్గొట్టి, ఊపిరి నిలబెట్టి, మెడికో లీగల్ కేసుగా రాసి, పోలీసు ఔట్‌పోస్టుకు సమాచారం పంపుతాడు. కానిస్టేబుల్ వాంగ్మూలం తీసుకుంటాడు. మానసిక వైద్య విభాగానికి రాసిన చీటీతో ఆ రోగి ఓపీకి వెళ్లాడా లేదా అని చూసే మనిషి ఉండడు. కేసు అవుతుందన్న భయంతో చాలా కుటుంబాలు ‘పొరపాటున తాగాడు’ అని చెప్పి, కాస్త తేరుకోగానే తీసుకెళ్లిపోతాయి. ఈ భయానికి ఇప్పుడు చట్టంలో ఆధారం లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్, ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, శిక్షించకూడదనీ చెప్పింది. సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించే బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షన్ లేదు. ప్రభుత్వోద్యోగిని విధులు చేయకుండా అడ్డుకోవడానికి బెదిరింపుగా చేసే ప్రయత్నం మాత్రమే ఇప్పుడు నేరం. ఈ సంగతి కొండపల్లిలో ఎంతమందికి తెలుసు? ఆసుపత్రి గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించడానికి ఏ జీవో కావాలి?

తొమ్మిది పలకరింపులు ఎవరు చేస్తారన్నదానికీ మనవద్ద మనుషులున్నారు. సచివాలయంలో ఏఎన్ఎం ఉంది, మహిళా సంరక్షణ కార్యదర్శి ఉంది. వాళ్ల పక్కనే ఆశా కార్యకర్త, మెప్మా పొదుపు సంఘాల రిసోర్స్ పర్సన్ పనిచేస్తున్నారు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ 14416 నంబరుకు తెలుగులోనే ఏ వేళప్పుడైనా ఉచితంగా మాట్లాడవచ్చు. ఆ సేవను ఫోన్ వస్తే ఎత్తే వ్యవస్థగా వదిలేయకుండా, రోగి అంగీకారంతో ఆసుపత్రి పంపిన జాబితాకు తిరిగి ఫోన్ చేసే వ్యవస్థగానూ మలచుకోవచ్చు. ఆసుపత్రిలో ఈ పనికే ఒక సామాజిక కార్యకర్తను నియమించి, ఇబ్రహీంపట్నం మండలం నుంచి వచ్చిన రోగి పేరు అక్కడి ఆరోగ్య సిబ్బందికి చేరిందని నిర్ధారించుకునే బాధ్యత అప్పగిస్తే చాలా దూరం వెళ్లవచ్చు.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. పేరు సచివాలయానికి చేరితే వీధి మొత్తానికి తెలియదా? పెళ్లి కావాల్సిన అమ్మాయి, కోడలు, ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న కుర్రాడు ఆ మచ్చను ఎలా మోస్తారు? భర్త హింస వల్లే ఒక మహిళ ఆ స్థితికి వస్తే, ఆమె ఇంటి తలుపు తట్టే కార్యకర్త సాయం చేస్తుందా, ప్రమాదం పెంచుతుందా? కాబట్టి అంగీకారం అనేది కాగితం మీద వేలిముద్రగా మిగలకూడదు. ఎవరు పలకరించాలో, ఏ నంబరుకు చేయాలో, ఇంటికి రావాలో వద్దో ఆ వ్యక్తే నిర్ణయించుకోవాలి. వివరాలు ఆరోగ్య శాఖ దగ్గరే ఉండాలి, పోలీసులకు గానీ రాజకీయ కార్యకర్తలకు గానీ చేరకూడదు. సచివాలయం వద్దన్నవారికి నగరంలోని శిక్షణ పొందిన స్వచ్ఛంద కార్యకర్తలు ఫోన్ చేయవచ్చు. హైదరాబాద్‌లో 1997 నుంచి రోష్నీ, చెన్నైలో 1986 నుంచి స్నేహ నడుస్తున్నది ఇలాంటి కార్యకర్తలతోనే. సంఘ సేవకు, హేతువాద ఉద్యమానికి, మహిళా సంఘాలకు పేరున్న విజయవాడలో అలాంటివాళ్లకు కొరత ఉండదు.



డెల్టాలో, మెట్టలో పురుగుమందుల ప్రస్తావన లేకుండా ఈ విషయం పూర్తికాదు. చావాలనుకున్నవాడు ఒకటి కాకపోతే ఇంకొకటి వెతుక్కుంటాడు అనే మాట మన ఊళ్లలో చాలా సహజంగా వినిపిస్తుంది. పరిశోధనలు దీనికి పూర్తిగా భిన్నంగా చెబుతున్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కో వంతెన మీద చివరి క్షణంలో ఆపిన 515 మంది తర్వాతి జీవితాలను రిచర్డ్ సైడెన్ అనే పరిశోధకుడు 1978లో పరిశీలించాడు. వాళ్లలో 94 శాతం మంది అప్పటికి బతికే ఉన్నారు, లేదా సహజ కారణాలతో మరణించారు. ఆ ఘడియ దాటిస్తే మనిషి సాధారణంగా బతుకువైపే తిరుగుతాడు. శ్రీలంక ఈ సత్యాన్ని దేశం మొత్తంలో నిరూపించింది. 1984 నుంచి 2011 మధ్య అత్యంత విషపూరితమైన మందులను విడతలవారీగా నిషేధించింది. 1995లో శిఖరానికి చేరిన ఆత్మహత్యల రేటు తర్వాతి ఇరవై ఏళ్లలో దాదాపు 70 శాతం పడిపోయింది. ఈ కాలంలో 93 వేల ప్రాణాలు నిలిచాయని పరిశోధకుల అంచనా. పంట దిగుబడి తగ్గిన దాఖలా లేదు.

రైతు జాగ్రత్త పడాలి, మందును ఇంట్లో తాళం వేసి దాచుకోవాలి అనే పరిష్కారం పైకి మరింత తేలికగా కనిపిస్తుంది. దాన్నీ శ్రీలంకలోనే పరీక్షించారు. 180 గ్రామాల్లో యాభై వేలకు పైగా కుటుంబాలతో జరిగిన ఆ పరిశోధన 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. తాళం పెట్టెలు ఇచ్చిన గ్రామాల్లో విషప్రయోగాలు తగ్గలేదు. నిషేధం పనిచేసింది, పెట్టె పనిచేయలేదు. రైతుకు నీతులు చెప్పడం కన్నా మార్కెట్లో ఏది అమ్మాలన్న నిర్ణయమే ప్రాణాలు కాపాడుతుందని దీని అర్థం. మన దేశంలో ఆ అధికారం ప్రధానంగా కేంద్రానిది. 1968 నాటి పురుగుమందుల చట్టం కింద రాష్ట్రాలు తాత్కాలికంగా మాత్రమే అమ్మకాలు ఆపగలవు. అయినా కేరళ 2011లో ప్రమాదకరమైన మందులు కొన్నింటిని తన పరిధిలో ఆపేసింది. కేంద్రం 2018లో పద్దెనిమిది మందులపై నిషేధం ప్రకటించింది, 2023లో మరికొన్నింటిపై ఆంక్షలు పెట్టింది. అమ్మకాల్లో ఇంకా ప్రాణాంతకమైనవి ఉన్నాయి. కృష్ణా, ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల ఆసుపత్రులు ఏ మందు వల్ల ఎంతమంది వచ్చారో, ఎంతమంది దక్కలేదో పేర్లతో సహా వ్యవసాయ శాఖకు ప్రతి మూడు నెలలకూ పంపితే, రాష్ట్రం కేంద్రాన్ని అడగడానికి చేతిలో ఆధారం ఉంటుంది.

వ్యవసాయ కుటుంబాల విషయంలో మన పాలనలో ఉన్న ఒక వైపరీత్యాన్ని చెప్పాలి. 2004లో వచ్చిన జీవో 421తో రైతు ఆత్మహత్యలను విచారించడానికి ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ సహాయ సంచాలకుడితో త్రిసభ్య కమిటీ ఏర్పడింది. పరిహారం లక్షన్నర నుంచి ఏడు లక్షల దాకా పెరిగింది, కమిటీ మాత్రం అలాగే ఉంది. మరణం వ్యవసాయ కారణంతోనేనా, భూమి ఎవరి పేరున ఉంది, అప్పు నిజమేనా అని అది పరిశీలిస్తుంది. కృష్ణా డెల్టాలో సాగుదారుల్లో పెద్ద భాగం కౌలు రైతులు. కాగితం మీద కౌలు లేదు కాబట్టి బతికుండగా బ్యాంకు అప్పు రాదు, చనిపోయాక అర్హతా దొరకదు. రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల ముగ్గురు అధికారులు ఒక కుటుంబం గురించి కలిసి కూర్చునేది ఇంటి యజమాని పోయిన తర్వాతే. ఆ ముగ్గురూ పంట నష్టపోయిన గ్రామాల జాబితాతో సీజన్ చివర ఒకసారి, ఒక వైద్యుడినీ బ్యాంకు అధికారినీ పిలుచుకుని కూర్చుంటే, అదే కమిటీ నివారణ కమిటీ అవుతుంది.

అప్పుల విషయంలో విజయవాడ ప్రాంతానికి చేదు చరిత్ర ఉంది. 2006లో వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల ఆరోపణల మధ్య కృష్ణా జిల్లా యంత్రాంగం సూక్ష్మరుణ సంస్థల శాఖలు యాభైకి పైగా మూసేయించింది. 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఏకంగా ఆర్డినెన్సు తెచ్చింది. 2015 డిసెంబరులో అధిక వడ్డీల కాల్‌మనీ వ్యవహారం విజయవాడను కుదిపేసింది. ఇప్పుడు లోన్ యాప్‌ల కాలం. ఒక తలుపు మూస్తే అప్పు అవసరం పోవడం లేదు, ఇంకో తలుపు తెరుచుకుంటోంది. నిషేధాలు అవసరమైనచోట పెట్టాల్సిందే. దాంతోపాటు అప్పు ఉన్న మనిషికి ఊపిరి తీసుకునే సమయం కల్పించే పద్ధతి కావాలి. జపాన్ 2006లో వడ్డీ వ్యాపార చట్టాన్ని బిగించి, బహుళ రుణాలవారికి ఉచిత సలహా కేంద్రాలు పెట్టింది. ఇంగ్లండ్ 2021 మే నుంచి ‘ఊపిరి గడువు’ అనే పథకాన్ని అమలుచేస్తోంది. రుణ సలహాదారు నమోదు చేస్తే అరవై రోజులపాటు వసూళ్లు, అదనపు వడ్డీలు ఆగిపోతాయి. మానసిక సంక్షోభంలో చికిత్స పొందుతున్నవారికి ఆ చికిత్స సాగినంతకాలం, ఆపై మరో ముప్పై రోజులు రక్షణ ఉంటుంది. దేశవ్యాప్తంగా ఇలాంటిది రిజర్వు బ్యాంకు తేవాలి. జిల్లా స్థాయి బ్యాంకర్ల సమావేశంలో కలెక్టర్ చొరవ తీసుకుంటే, ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయిన వ్యక్తి ఇంటికి మూడు నెలలు వసూలు ఏజెంట్లు వెళ్లకూడదన్న అంగీకారాన్ని ఇక్కడే మొదలుపెట్టవచ్చు.

విద్యార్థుల సంగతికొస్తే, కార్పొరేట్ ఇంటర్ చదువుకు పుట్టిల్లు అనదగ్గ ఈ నగరానికి ప్రత్యేక బాధ్యత ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో నీరదారెడ్డి కమిటీ, విభజన తర్వాత చక్రపాణి కమిటీ విద్యార్థుల ఆత్మహత్యలపై చేసిన సిఫార్సుల్లో అధిక భాగం అమలుకు నోచుకోలేదు. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశం మొత్తానికి పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. వంద లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి బ్యాచులు విడదీయకూడదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. జిల్లా కలెక్టర్ అధ్యక్షతన పర్యవేక్షణ కమిటీ పనిచేయాలి. ఇవి వచ్చింది ఆంధ్రప్రదేశ్ కేసులో. అన్నింటికన్నా ముందు అమలు కావాల్సింది కూడా ఇక్కడే.

అయితే కౌన్సెలర్‌ను నియమించి గోడకు నంబరు అంటిస్తే సరిపోతుందా? ఐరోపాలోని పది దేశాల్లో 168 పాఠశాలల్లో 11,110 మంది పిల్లలతో జరిగిన పెద్ద అధ్యయనం 2015లో వెలువడింది. అందులో మూడు పద్ధతులు పరీక్షించారు. ఉపాధ్యాయులకు మాత్రమే శిక్షణ ఇవ్వడం, ప్రశ్నాపత్రంతో పిల్లలను వడపోసి ప్రమాదంలో ఉన్నవారిని వైద్యుడికి పంపడం, పిల్లలతోనే గుంపులుగా కూర్చోబెట్టి ఒత్తిడి గురించి, స్నేహితుడికి సాయం చేయడం గురించి మాట్లాడించడం. ఏడాది తర్వాత చూస్తే మూడోది మాత్రమే ప్రయత్నాలను సగానికి తగ్గించింది. మన హాస్టళ్లలో పక్క మంచం మీద ఉన్న పిల్లవాడికే అందరికన్నా ముందు తెలుస్తుంది. ఆ పిల్లవాడికి ఎవరితో చెప్పాలో, చెబితే చాడీ అవదని తెలియాలి. సప్లిమెంటరీ విషయంలో తమిళనాడు అనుభవం మనకు దగ్గరిది. తప్పినవారు అదే సంవత్సరం చదువు కోల్పోకుండా వెంటనే పరీక్ష రాసుకునే ఏర్పాటు అక్కడ స్నేహ వ్యవస్థాపకురాలు డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ కృషితో వచ్చింది. మనకూ అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది. కానీ ఫలితాల ప్రకటన రోజు మనం చూసేది ఉత్తీర్ణత శాతాలు, ర్యాంకుల ఫ్లెక్సీలు. తప్పిన పిల్లవాడి ఫోన్‌కు మార్కుల మెమోతోపాటే సప్లిమెంటరీ తేదీ, ఫీజు గడువు, 14416 నంబరు ఒకే సందేశంగా వెళ్లాలి. ఇది బోర్డుకు రూపాయి ఖర్చు లేని పని.

ఇక పత్రికలు, టీవీలు. 1987లో వియన్నాలో భూగర్భ రైలు మార్గంలో మరణాల వార్తలను రాసే తీరు మార్చుకోవాలని వైద్యులు కోరితే పత్రికలు ఒప్పుకున్నాయి. ఆ ఘటనలు అంతకుముందుతో పోలిస్తే డెబ్బై ఐదు శాతానికి పైగా తగ్గాయి. మన ప్రెస్ కౌన్సిల్ 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలనే స్వీకరించింది. మొదటి పేజీలో వేయకూడదు, పద్ధతి, స్థలం వివరించకూడదు, ఒకే కారణం అంటగట్టకూడదు. తెలుగు జిల్లా పేజీల్లో, యూట్యూబ్ చానళ్లలో ఈ నియమాలు రోజూ మీరుతూనే ఉన్నాం. నది, కాలువలు, రైలు మార్గాలున్న ఈ నగరంలో ఒక ఫలానా చోటు పేరు పదేపదే రాస్తే అదే చోటు ఇంకొకరికి గుర్తుకొస్తుంది. అందుకే ఈ వ్యాసంలోనూ అలాంటి స్థలాల ప్రస్తావన చేయలేదు. ఫెన్సింగ్, కాపలా లాంటి ఏర్పాట్లు జరగాలి, అవి ఎక్కడ జరుగుతున్నాయో చాటింపు వేయనక్కర్లేదు. కష్టకాలం దాటుకుని బతుకు నిలబెట్టుకున్నవారి కథనాలు పాఠకులను ప్రమాదం నుంచి దూరం చేస్తాయని ఆస్ట్రియా పరిశోధకులు 2010లో చూపించారు. విజయవాడ నుంచి వెలువడే పత్రికల సంపాదకులు ఒకచోట కూర్చుని రెండు పేజీల ఉమ్మడి నియమావళి రాసుకోవడానికి ఒక మధ్యాహ్నం చాలు.

కేంద్ర ప్రభుత్వం 2022 నవంబరులో ప్రకటించిన జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహం 2030 నాటికి మరణాలను పది శాతం తగ్గించాలంది. మూడేళ్లలో నిఘా వ్యవస్థ, ఐదేళ్లలో అన్ని జిల్లాల్లో మానసిక వైద్య ఓపీలు, ఎనిమిదేళ్లలో విద్యాసంస్థల్లో మానసిక స్వాస్థ్య పాఠాలు రావాలంది. లక్ష్యం ఢిల్లీలో నిర్ణయమైంది, బాధ్యుడు జిల్లాలో లేడు. దీనికోసం ఇంకో కొత్త కమిటీ వేయడం వల్ల లాభం లేదు. సుప్రీంకోర్టు ఆదేశంతో కలెక్టర్ అధ్యక్షతన ఉండాల్సిన పర్యవేక్షణ కమిటీనే విస్తరించవచ్చు. ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి సూపరింటెండెంట్, జిల్లా వైద్యాధికారి, పోలీస్ కమిషనర్ ప్రతినిధి, విజయవాడ, కొండపల్లి మున్సిపల్ కమిషనర్లు, వ్యవసాయాధికారి, లీడ్ బ్యాంకు మేనేజరు, ఇంటర్ విద్యాధికారి, ప్రైవేటు ఆసుపత్రుల తరఫున ఐఎంఏ, స్వచ్ఛంద సంస్థలు, పత్రికా సంపాదకుల తరఫున ఒకరు అందులో ఉండాలి. ప్రయత్నించి బతికినవారి తరఫున ఒకరికీ, ఆప్తుడిని పోగొట్టుకున్న కుటుంబం తరఫున ఒకరికీ, వాళ్లు ఇష్టపడితే, తప్పకుండా చోటివ్వాలి. ఈ విషయం గురించి మిగతా అందరికన్నా వాళ్లకే ఎక్కువ తెలుసు.

ఆ కమిటీ మూడు నెలలకోసారి నాలుగు అంకెలు బయటపెడితే చాలు, పేర్లు లేకుండా, మండలాలవారీగా. ఎంతమంది అత్యవసర విభాగానికి వచ్చారు, ఎంతమందితో ఇంటికి పంపేముందు ఎవరైనా కూర్చుని మాట్లాడారు, వాళ్లలో ఎంతమందికి మొదటి వారంలో పలకరింపు అందింది, తొమ్మిదీ పూర్తయినవారు ఎందరు. ఇబ్రహీంపట్నం మండలం వరసలో రెండో అంకె, మూడో అంకె సున్నా దగ్గర ఉంటే కొండపల్లి కౌన్సిలర్లు, విలేకరులు అడగడానికి ఒక ప్రశ్న, జవాబు చెప్పడానికి ఒక అధికారి ఉంటారు. ఈ పనికి కావాల్సిన ఒక సామాజిక కార్యకర్త పోస్టు, ఒక ఫోన్, ఒక రిజిస్టరు ఖర్చును ఆసుపత్రి అభివృద్ధి సంఘం నిధుల నుంచే ఇవ్వవచ్చు. వచ్చే ఇంటర్ ఫలితాలకు ముందే ఉత్తర్వు వెలువడాలి.